ఓజావిటా

కిలిఫీ అనే ఊరి బడిలో స్వాహిలి పాఠాలు చెప్పే మ్వానకొంబోను ఒక విదేశీ మందుల కంపెనీ మొంబాసా నగరంలోని హోటలుకు పిలిపించింది. పసిపిల్లల న్యుమోనియాకు కొత్త సిరప్పు వస్తోంది. దాని పేరు ఇక్కడివాళ్ళ చెవికి ఎలా వినిపిస్తుందో ఆమె చెప్పాలి.

"ఓజావిటా," అన్నాడు హెన్రిక్ అనే అధికారి మురిసిపోతూ. "ఓజోనులోంచి ఓజా, తాజా గాలి గుర్తురావాలని. లాటిన్‌లో వీటా అంటే ప్రాణం."

"మా భాషలో ఓజా అంటే కుళ్ళిపోవడం. వీటా అంటే యుద్ధం. పిల్లల మందుకు ఈ పేరు వద్దండీ."

అతను నవ్వేశాడు. "మిగతా దేశాల్లో రిజిస్టరైపోయింది మేడమ్. మీకు ఉచితంగానే ఇస్తున్నాం. ఊరికే వచ్చేదానికి పేరుతో ఏం పని?"

నోట్లో పెట్టుకున్న మాందాజీ రొట్టె ముక్క ఆమెకు మింగబుద్ధి కాలేదు.

వానలు మొదలయ్యాక ఆ సీసాలు ఊరి ఆసుపత్రికి వచ్చాయి. ఒక్క తల్లీ ముట్టుకోవడం లేదని నర్సు కబురు పెడితే మ్వానకొంబో వెళ్ళింది. పక్కింటి కడ్జో ఒళ్ళో పిల్లాడు చారో డొక్కలెగరేస్తున్నాడు.

"పోయినేడు డేటు దాటిన మందులు పంచారు," అంది కడ్జో. "ఈసారి పాపం, కుళ్ళిందని సీసా మీదే రాసిచ్చారు!"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఒకామె కిటికీలోంచి తుపుక్కున ఉమ్మింది.

"అది వాళ్ళ మాటే, మనది కాదు. మందు మంచిదే, పట్టవే," అంది మ్వానకొంబో.

"అంత మంచిదైతే నువ్వు తాగక్కా, చూస్తాం."

మ్వానకొంబో చెంచాడు తాగింది. తియ్యగానే ఉంది, అయినా ఆ పేరే గుర్తొస్తుంటే ఒక్క గుక్కలో మింగేసింది. కడ్జో ఆమె ముఖంలోకి చూసి, చెంచా అందుకుని పిల్లాడికి పట్టింది. వారం తిరక్కముందే చారో తేరుకుని పాలకు ఏడ్చాడు.

సంగతి తెలిసి హెన్రిక్ కెమెరాతో దిగాడు.

"ఇంకోసారి తాగండి మేడమ్, కొంచెం నవ్వుతూ."

"పేరు మార్చారా?"

"ఎందుకూ? మీరు తాగగానే అందరూ పిల్లలకు పట్టారుగా!"

ఆమె సీసా తీసి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే తాగు. 'కుళ్ళు' అని పైకి చెప్పి మరీ తాగు."

అతను మూత తియ్యలేదు. ఆమె వెనక్కి చూడకుండా బయటికొచ్చింది.

పేరు మారలేదు. కడ్జోను చూసి అప్పటికే మొదలుపెట్టిన మిగతా తల్లులూ పట్టడం మానలేదు. ఆ పేరు పలకలేక "టీచరమ్మ మందు" అని అడుగుతున్నారు. బజార్లో ఆ మాట వినబడ్డప్పుడల్లా, ఆ కుళ్ళు పేరు తనకే అంటుకున్నట్టు మ్వానకొంబోకు ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలు తాగాలి కాబట్టి కాదనదు. ఇంటికెళ్ళి నోరు పుక్కిలించుకుంటుంది.