తలుపు వైపు సంచులు

కాచిన పాలు రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూసి, ఇంకా వేడి తగ్గలేదని ఆయమ్మ గిన్నె మీద మూత పక్కకి జరిపింది. అప్పటికే పిడుగు వచ్చి కొంగు పట్టుకుంది.

"ఉండవే తల్లీ, నోరు కాలుతుంది."

"కాలితే ఊదుకుంటా," అంది పిడుగు.

మూడేళ్ల ఆ పిల్లకి ఆ పేరు పెట్టిందీ ఆయమ్మే. ఆయమ్మ పొట్టి మనిషి. ఎడమ మోకాలు వంగదు కాబట్టి కింద కూర్చోవాలంటే గోడ పట్టుకుని, కాలు చాపుకుని, మెల్లగా జారుతుంది. జాకెట్టుకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. కొంగు చివర ఎప్పుడూ తడే. ఎవరో ఒకరి ముక్కో మూతో అందులో తుడుస్తూనే ఉంటుంది.

పనికి పోయే తల్లుల కోసం నగర కౌన్సిల్ నడిపే పిల్లల కేంద్రం అది. ఒక పొడుగాటి గది, వెనక చిన్న పెరడు. తలుపు పక్క గోడకో వరస కొక్కేలు, కిటికీ పక్క గోడకో వరస. పిల్లల సంచులన్నీ వాటికే.

ఆ తల్లులందరూ ఒకచోట కూడి మాట్లాడుకోవడం ఎప్పుడూ కుదరలేదు. ఒకామె రాత్రి డ్యూటీ దిగి వచ్చే వేళకి ఇంకొకామె మిషన్ ముందు కూర్చోవాలి. అందుకని ఎప్పుడో వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏదైనా తేల్చుకోవాలంటే, సరే అనేవాళ్లు పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు సంచి తలుపు వైపు తగిలిస్తారు, వద్దనేవాళ్లు కిటికీ వైపు. సాయంత్రం తల్లుల సంఘం పెద్ద కండక్టరమ్మ వచ్చి చూసి, ఎటు ఎక్కువుంటే అది చెప్పేస్తుంది. ఫ్యాను కొనడం, ఆదివారం తెరవడం, అన్నీ అలా తేలినవే.

ఇవాళ్టిది ఫ్యాను సంగతి కాదు. కౌన్సిల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఇప్పుడున్న కౌన్సిలరు ఈ కేంద్రం పడగొట్టి కార్లు నిలిపే చోటు కట్టిస్తానని చెప్పేశాడు. అతని మనుషులకి పోటీగా ఈ పేట నుంచి ముగ్గురు నిలబడ్డారు. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఉద్యోగం అయిపోయిన ఒక పంతులుగారు. వాళ్లని అందరూ అభ్యుదయ జట్టు అంటున్నారు. కేంద్రం ఉంచుతామనీ, రాత్రి డ్యూటీ తల్లుల కోసం చీకటి పడ్డాక కూడా తెరిచి ఉంచుతామనీ, ఇలాంటిది పేటకొకటి పెట్టిస్తామనీ ఆ ముగ్గురి మాట. తల్లుల సంఘం తమ వెనక ఉందని కరపత్రంలో వేసుకోనివ్వమని అడిగారు. ఇవాళ సాయంత్రానికి జవాబు కావాలి.

పొద్దున్నే సూపర్‌వైజరు వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "ఆయమ్మా, నువ్వు కౌన్సిల్ జీతం తినే మనిషివి. తల్లులు ఏమైనా చేసుకోనీ. నీ నోట్లోంచి ఎన్నికల మాట వచ్చిందో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. తర్వాత నన్ననుకోవద్దు."

"నా నోరు వీళ్లకి కథలు చెప్పడానికే చాలట్లేదు బాబూ."

అతను నవ్వాడు గాని కదల్లేదు. ఇంకోసారి చెప్పి మరీ వెళ్లాడు.

తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె కొడుకు సంచి పట్టుకుని గది మధ్యలో కాసేపు నిలబడి, చివరికి కిటికీ వైపు నడిచింది.

"ఏమనుకోకు ఆయమ్మా. ఆ కౌన్సిలరుకి కోపం వస్తే ఎన్నికల దాకా కూడా ఉండనివ్వడు. పిల్లాణ్ని ఎక్కడ పెట్టుకోను?"

"నాదేముందమ్మా. బిడ్డ ముక్కు చీది లోపలికి పంపు," అంది ఆయమ్మ. అని, ఆ మాట తనకే రుచించక చీపురు అందుకుంది.

పిల్లలందరూ వచ్చేసరికి కిటికీ వైపు గోడ నిండిపోయింది. తలుపు వైపు అక్కడొకటి, ఇక్కడొకటి. ఆయమ్మ అటు చూడకుండానే పనులు చేసుకుంది. ఒకడికి గోళ్లు తీసింది. ఫ్యాక్టరీ ఆమె కొడుకు చొక్కా గుండీ ఊడితే వేరేది తొడిగి, కుట్టడానికి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టుకుంది. ఇద్దరు ఒకే బొమ్మ కోసం జుట్లు పట్టుకుంటే ఆ బొమ్మని తన ఒళ్లో కూర్చోబెట్టుకుని, "దీనికి జ్వరం, ఎవరూ ముట్టుకోకండి," అంది. ఇద్దరూ కొట్లాట మాని బొమ్మ నుదురు పట్టి చూశారు.

అన్నాలయ్యాక పిల్లలు పడుకున్నారు. ఆ వేళ గదిలో ఊపిరులు తప్ప ఏమీ వినపడవు. ఆయమ్మ ఒక్కొక్కరి దగ్గరా చెయ్యి పెట్టి చూసింది. ఎవరైనా మరీ కదలకుండా పడుకుంటే ఆమెకి మనసాగదు, వేలు ముక్కు దగ్గర పెట్టి చూస్తుంది.

ఈ కేంద్రం తెరిచేనాటికే ఆమె కూతురు పెద్దదైపోయింది. ఆ పిల్ల చిన్నప్పుడు ఆయమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టేది. ఆ వీధిలో ఆడవాళ్లంతా అలాంటి పనులకి పోయేవాళ్లే. పగలంతా ఇంటింటికీ తాళాలు. ఏడ్చినా ఎవరూ రారని తెలిశాక లోపలున్న కూతురు ఏడవడం మానేసింది. ఇప్పుడు తనకో ఇల్లుంది, మంచి మొగుడున్నాడు. ఫోను చేస్తే మాత్రం అడిగినదానికి జవాబు చెప్పి, ఆపైన ఊరికే వింటూ ఉంటుంది.

ఆయమ్మ పెరట్లోకి వెళ్లి తడి దుప్పట్లు పిండి ఆరేసింది. తిరిగొచ్చేసరికి పిడుగు ముక్కాలిపీట మీద నిలబడి, చివరి సంచిని రెండు చేతులతో ఎత్తి తలుపు వైపు కొక్కేనికి తగిలిస్తోంది. కిటికీ వైపు ఒక్కటి కూడా లేదు. ఒకే కొక్కేనికి రెండేసి, మూడేసి సంచులు.

"ఏమే, ఏం చేశావే ఇది?"

"అన్నీ ఒకచోటే ఉండాలి," అంది పిడుగు గుసగుసగా. "పాపం, అటు వాటికి ఎండ కొడుతోంది."

ఆయమ్మ దాన్ని చంకనేసుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. కండక్టరమ్మ వస్తుంది. చూస్తుంది. సంఘం సరేనందని నర్సుకి ఫోను చేస్తుంది. తల్లులు వచ్చేది ఒక్కొక్కరే. అందరూ అటే ఉన్నారనుకుంటే, కిటికీ వైపు పెట్టినామె కూడా తన సంచి ఎవరో మార్చారులే అని ఊరుకోవచ్చు. తను నోరు తెరవక్కర్లేదు. నోరు తెరవకపోతే ఉద్యోగమూ పోదు.

"దొంగ మాట అవుతుందే," అంది పైకే.

"ఎవరు దొంగ?" అంది పిడుగు.

ఆయమ్మ దాన్ని దింపి, సంచులన్నీ తీసి గది మధ్యలో చాప మీద పెట్టింది.

సాయంత్రం మొదట వచ్చినామెని చెయ్యి పట్టుకుని ఆపేసింది. తర్వాత వచ్చినామెనీ ఆపింది. "ఒక్క అరగంట. ఇవాళ పొయ్యి కాస్త ఆలస్యంగా వెలిగిస్తే ఇల్లు మునిగిపోదు." పెరడు నిండింది. ఒకరి సంచి రంగు ఒకరికి తెలుసుగాని ముఖాలు ఇవాళే చూసుకుంటున్నారు. ఓహో పిడుగు వాళ్లమ్మవి నువ్వేనా, మా వాణ్ని కొరికింది నీ కూతురేనా అంటూ నవ్వుకున్నారు. కండక్టరమ్మ భుజాన తోలు సంచితో, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. గేటు దగ్గర సూపర్‌వైజరు కూడా వచ్చి నిలబడ్డాడు. తాళం వేశాక చూసుకుపోవడం అతని పని.

ఆయమ్మ జరిగింది చెప్పింది. ఎవరి సంచి వాళ్లే మళ్లీ తగిలించమంది.

ముందుగా లోపలికి వెళ్లడానికి ఎవరూ కదల్లేదు.

"నువ్వయితే ఎటు పెడతావు ఆయమ్మా?" అని ఫ్యాక్టరీ ఆమె అడిగింది.

ఆయమ్మ గేటు వైపు చూసింది. సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు. బెదిరింపులా కాదు, బతిమాలుతున్నట్టు.

"నాకు సంచి లేదమ్మా. అయినా అడిగావు కాబట్టి చెబుతా. మా వీధిలో పగలు ఏ తలుపు చూసినా తాళమే. లోపల పిల్లలు. ఒక్కో తలుపు సందులోంచి చిన్న వేళ్లు బయటికొచ్చేవి. దారినపోయే మేము, మా పిల్లలు కాకపోయినా, ఆ వేళ్లు ఒకసారి పట్టుకుని పోయేవాళ్లం. అంతకన్నా ఏం చెయ్యగలం? ఆ రోజులు మళ్లీ రానివ్వను. నా ఓటు ఆ ముగ్గురికే. మీరూ వాళ్ల వెనకే ఉండాలని నేను అడుగుతున్నాను. భయపడేవాళ్లని తప్పు పట్టను. నాకూ భయంగానే ఉంది, ఈ మోకాలు వంగదు గనక నిలబడ్డాను గాని."

ఎవరో కిసుక్కున నవ్వారు. పిడుగు వాళ్లమ్మ లోపలికెళ్లి చాప మీంచి సంచి తీసింది. తర్వాత ఇంకొకామె. తలుపు వైపు గోడ నిండుతూ వచ్చింది. కిటికీ వైపు కూడా కొన్ని పడ్డాయి. ఫ్యాక్టరీ ఆమె అటే తగిలించి, తల వంచుకుని నిలబడింది. ఆయమ్మ వెళ్లి ఆమె కొడుకు చెప్పు పట్టీ బిగించి, బుగ్గ గిల్లి పంపింది.

కండక్టరమ్మ ఫోను తీసింది. "నర్సమ్మా, మా పేరు వేసుకోండి. అందరి పేరూ కాదు, ఎక్కువమంది అని రాయండి. మా ఆయమ్మకి దొంగ మాట పడదు."

అందరూ వెళ్లాక సూపర్‌వైజరు లోపలికొచ్చాడు.

"చెప్పాను కదా ఆయమ్మా."

"చెప్పారు బాబూ. విన్నాను కూడా."

"పైవాళ్లకి తెలిసిపోతుంది. నేను దాచలేను."

"దాచమనలేదుగా." ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "రేపు వచ్చే మనిషికి చెప్పండి. పిడుగుకి పాలు బాగా చల్లారాకే ఇవ్వాలి, ఊదుకుంటానంటుంది గాని ఊదుకోదు."

గోడ పట్టుకోకుండానే గుమ్మం దిగింది. అతను లైటు ఆర్పే ముందు ఎందుకో చెప్పులు విప్పి, చాప మడిచి మూలన పెట్టాడు.

మర్నాడు కొత్తావిడ వచ్చి తలుపు తీసింది. వీధిలో అప్పటికే కరపత్రాలు పంచుతున్నారు. పిల్లలు లోపలికి చూసి, ఇంకా లోపలికి చూసి, తల్లుల వెనక నక్కారు. గాలి రావాలని ఆమె కిటికీ తెరిచింది. గట్టు మీద ఫ్యాక్టరీ ఆమె కొడుకు చిన్న చొక్కా మడిచి ఉంది. ఊడిన గుండీకి రెండు కన్నాల్లోంచి కుట్టు పడింది, మిగిలిన రెండూ ఖాళీ. సూది బట్టలోనే గుచ్చి ఉంది, దాని వెనక మిగతా కుట్టుకి సరిపడా దారం.