శనివారం సెలవున్న గొడుగు

నేను ఒక గొడుగును అనగానే మీరు ఆకాశం వైపు చూస్తారు. చూడకండి. నేను వానలకన్నా పెళ్ళి మాటలకే ఎక్కువ తిరిగాను. ముప్పై అయిదేళ్ళుగా ఒక పెళ్ళిళ్ళ పేరమ్మ చంకలో ఊళ్ళు తిరిగి తిరిగి, నా ఊచల్లో ఓపిక అయిపోయింది. కూర్చుని వింటానంటే చెబుతాను. మధ్యలో తుమ్మొద్దు, అంతే.

తెనాలి బజారులో ఒక చిన్న దుకాణం వెనక గదిలో పుట్టాను. ఎనిమిది ఇనప ఊచలు, నల్లగుడ్డ, బెత్తం పిడి. ఇప్పుడు నాలో నాటివి మిగిలింది నడిమి కమ్మీ, ఊచలే. గుడ్డ రెండుసార్లు మారింది, పిడి మూడుసార్లు మారింది. అయినా నేను నేనే. మనుషులు పళ్ళు కట్టించుకుంటే, కళ్ళు మార్పించుకుంటే పేరు మారుతుందా? నాకూ అంతే.

నన్ను కొన్నది ఓబద్యా అనే రిక్షా అతను. అతనిది పాలవర్తిపేట. కాలువ గట్టున ఇరవై ముప్పై ఇళ్ళ వాడ. వాళ్ళు యూదులు. మాట్లాడేది తెలుగే, తినేది గోంగూరే. కానీ శుక్రవారం పొద్దు వాలగానే ప్రతి ఇంట్లో రెండు దీపాలు వెలుగుతాయి. అప్పటినుంచి శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు కనబడేదాకా ఎవరూ ఏ పనీ ముట్టరు. పొయ్యి వెలిగించరు, కలం పట్టరు, కొట్టు తెరవరు. గొడుగు విప్పరు కూడా. గొడుగు విప్పితే గుడారం వేసినట్టట, గుడారం వేస్తే ఇల్లు కట్టినట్టట! ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గర్వంతో గుడ్డ బిగుసుకుంది. లోకంలో ఏ గొడుగుకీ లేని వారపు సెలవు నాకు దొరికింది. ఎంత కుంభవృష్టి కురిసినా శనివారం నేను మేకుకు వేలాడుతూ కులాసాగా ఉండేదాన్ని. వాళ్ళు మాత్రం ప్రార్థన మందిరానికి తడుస్తూ వెళ్ళి తడుస్తూ వచ్చేవాళ్ళు.

ఓబద్యా నన్ను కొన్న ఏడాదే జ్వరం వచ్చి పోయాడు. అతని భార్య హుల్దమ్మకు అప్పటికి ఇరవై ఏడేళ్ళు, పిల్లల్లేరు. పొగాకు గిడ్డంగిలో ఆకు ఏరే పనికి పోతూ నన్ను చంకలో పెట్టుకుంది. అప్పటినుంచి దించలేదు.

ఆమె పేరమ్మ అయింది కూడా నా వల్లే. ఒకనాడు గిడ్డంగి దగ్గర వాన పట్టుకుంటే, తనతో పనిచేసే పిల్లకూ, పక్క ఊరినుంచి వచ్చిన ఒక కుర్రవాడికీ కలిపి నన్నిచ్చి పంపింది. నా కింద ఒక్కరికే చోటు. వాళ్ళిద్దరూ చెరో భుజం తడుపుకుంటూ వెళ్ళారు. మరుసటి నెలలో మూకుడు పగిలింది.

మూకుడు సంగతి మీకు చెప్పాలి. మా వాడలో సంబంధం ఖాయమైతే ఇద్దరు తల్లులూ కలిసి ఒక మట్టి మూకుడు పట్టుకుని నేలకేసి కొడతారు. చుట్టూ ఉన్నవాళ్ళు "మజల్ తోవ్" అని అరుస్తారు, అంటే శుభం అని. ఊళ్ళో మిగతావాళ్ళకు కుండ పగిలితే చావు గుర్తొస్తుంది, మావాళ్ళకు పెళ్ళి గుర్తొస్తుంది. అప్పుడు హుల్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ప్రతిసారీ ఒకే మాట అనేది: "పగిలిన మూకుడు అతకదు, పలికిన మాట తిరగదు." నలభై ఒక్క మూకుళ్ళు పగలగా విన్నాను ఆ మాట. నాకే నోరుంటే ఆమెకన్నా ముందే అనేసేదాన్ని.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా. హుల్దమ్మ అన్ని ఆడలేదు, పెళ్ళికి పది పన్నెండుతో సరిపెట్టింది. మందకొడి మనిషిని నెమ్మదస్తుడు అనేది, గయ్యాళిని చురుకైన పిల్ల అనేది. ఆమెకు రాత రాదు. అయిదారు ఊళ్ళలో ఉన్న గుప్పెడు కుటుంబాల్లో ఎవరికెవరు మేనత్తో, ఎవరింట్లో ఎవరికి ఈడొచ్చిందో అంతా నోటి లెక్కే. అందుకే శనివారం ఆమె వాకిలి ఖాళీగా ఉండేది కాదు. ఆ రోజు ఏ పనీ చెయ్యకూడదు గానీ పెళ్ళి మాటలు ఆడుకోవచ్చు, దోషం లేదు. మిగతా ఆరు రోజులూ ఆ మాటల వెంట నేను తిరగాలి. బురదలో తిరిగాను, దుమ్ములో తిరిగాను, రోహిణి ఎండలో రోళ్ళు పగులుతుంటే తిరిగాను. ఇన్ని జతలు కలిపిన మనిషి తను మాత్రం ఒంటరిగా అన్నం తినేది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. వైద్యుడికి జ్వరం వస్తుందని రోగులకు తోచదు కదా.

ఇక నెహెమ్యా దగ్గరికొస్తాను. వాడ చివర చింతచెట్టు పక్కన రేకుల కొట్టులో గొడుగులు బాగుచేసేవాడు. భార్య పోయి పన్నెండేళ్ళయింది, కూతురు తిర్సా నెల్లూరులో కాపురం. అరవై ఆరేళ్ళ మనిషి. వేళ్ళు మాత్రం బాగా సన్నంగా, నెమ్మదిగా కదిలేవి. పదకొండేళ్ళుగా ప్రతి తొలకరికీ నన్ను ఆయన ముందు పెట్టేది హుల్దమ్మ. ఆయన ఊచలు సరిచేసేవాడు, కానీ ఎప్పుడూ ఒకటి మర్చిపోయేవాడు. ఎనిమిదింట్లో ఏడే బాగయ్యేవి. పాపం ముసలితనం, మతిమరుపు అనుకునేదాన్ని. హుల్దమ్మకూ చూపు మందగించినట్టుంది. వానలు మొదలయ్యే ముందు ఏటా ఒకసారి నన్ను తలుపు సందులో పెట్టి తలుపు మూసేసేది. కటుక్కున ఒక ఊచ వంగేది. ఏం చేస్తాం, వయసు అనుకుని సర్దుకున్నాను.

పోయినేడాది నెహెమ్యా తనకొక తోడు చూడమని హుల్దమ్మను అడిగాడు. ఆమె నన్ను వేసుకుని బాపట్ల దాకా పోయి మూడు సంబంధాలు తెచ్చింది. మొదటామె బాగా నవ్వుతుందన్నాడు. రెండో ఆమె అసలు నవ్వదన్నాడు. మూడో ఆమెను చూసొచ్చి తల గోక్కుంటూ, "ఆమె ఇంట్లో ఒక్క వస్తువూ పాడై లేదమ్మా, నేనక్కడ ఏం చెయ్యను?" అన్నాడు. హుల్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు దారంతా నన్ను నేలకేసి పొడుచుకుంటూ నడిచింది.

ఈ జ్యేష్ఠంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం నా పిడి నిలువునా చీలింది. హుల్దమ్మ నన్ను నెహెమ్యా కొట్టుకు తీసుకెళ్ళింది. ఆయన జిగురు రాసి కొత్త బెత్తం పిడి తొడిగాడు. అది ఊడకుండా ఒక చిన్న చీల కొట్టాలి. సుత్తి అందుకుని పడమటి వైపు చూశాడు. పొద్దు వాలిపోతోంది. సుత్తి కింద పెట్టేశాడు. దీపాలు వెలిగించాలన్న తొందరలో హుల్దమ్మ నన్ను లాక్కుని పరుగెత్తింది. ఆయన వెనకనుంచి ఏదో చెప్పబోయాడు గానీ వినేదెవరు? ఇంటికొచ్చి ఎప్పటిలా పిడి పట్టి మేకుకు తగిలించింది. నాకు మాత్రం తెలుసు నా బరువంతా జిగురు తడి మీద ఉందని.

మరునాడు మధ్యాహ్నం నెహెమ్యా వచ్చాడు. నాకు సరిగ్గా కింద ముక్కాలి పీట, దాని మీద మజ్జిగ కుండ, కుండ మీద మూకుడు.

"ఏందయ్యా నెహెమ్యా, నాలుగో సంబంధానికా? నా దగ్గర ఆడోళ్ళు అయిపోయారు" అంది హుల్దమ్మ.

"అందుకు కాదమ్మా. రెండు సంగతులు చెప్పిపోదామని." కూర్చున్నాడు. "వచ్చే ఆదివారం తిర్సా వస్తంది. కొట్టు ఎత్తేసి నెల్లూరు పోతన్నా."

హుల్దమ్మ కుండ మీద మూకుడు సర్దింది. "మంచిదేగా. కూతురి దగ్గర వేళకి అన్నం దొరుకుద్ది."

"దొరుకుద్ది" అన్నాడు ఆయన.

అన్నం సంగతి అంతటితో అయిపోయింది. ఇద్దరూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఎన్ని పెళ్ళి చూపులు చూశాను! ఇంత నిశ్శబ్దంగా ఉన్నవి మాత్రం చూడలేదు.

"రెండోదేంది?" అంది ఆమె.

"ఆ గొడుగు. పిడికి చీల కొట్టలేదు, పొద్దుగూకింది కదా. దాన్ని వేలాడ..."

ఆయన మాట పూర్తి కాలేదు. పిడి మేకుకే ఉండిపోయింది, నేను జారి మూకుడు మీద పడ్డాను. అది ఫెళ్ళున పగిలింది.

ఆ చప్పుడు మా వాడలో పసిపిల్లకు కూడా తెలుసు. పక్కింటి సిప్పోరా గోడ అవతలనుంచే, "మజల్ తోవ్! ఎవరికి కుదిర్చావు పిన్నీ?" అని కేకేస్తూ వచ్చేసింది. లోపల చూస్తే ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, మధ్యలో పగిలిన మూకుడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గొడుగు పడిందే తల్లీ!" అంది హుల్దమ్మ.

"మూకుడైతే పగిలిందిగా? పగిలిన మూకుడు అతకదు, పలికిన మాట తిరగదు అని నా పెళ్ళికి నువ్వేగా అన్నావు."

"ఇక్కడ మాట ఎవరు పలికారే?"

"అయితే ఇప్పుడు పలకండి. ఇయ్యాల పెళ్ళి మాటలకు దోషం లేదుగా" అని తుర్రుమంది. అర్ధగంటలో వాడ వాడంతా తెలిసిపోయింది. రాయకూడని రోజున కబురు ఇంకా వేగంగా పోతుంది.

హుల్దమ్మ పెంకులు ఊడ్చి ఒక మూలకు నెట్టింది. నన్ను మాత్రం ముట్టలేదు, సెలవురోజు నన్ను ముట్టకూడదు. ఇద్దరి మధ్యా నేను అడ్డంగా పడి ఉన్నాను. చుక్కలు పొడిచేదాకా అంతే.

"ఊరు నవ్వుద్ది" అంది చివరికి.

"నవ్వనీ. ఊరికి నలభై పెళ్ళి భోజనాలు పెట్టించావు, ఒకసారి నవ్వు పెట్టు."

"అది కాదయ్యా." ఆమె గొంతు నేనెప్పుడూ విననంత చిన్నదైంది. "మొదటి జత పైవాడే రాస్తాడంట. రెండోది కలపడం సముద్రాన్ని చీల్చినంత కష్టమని మన పెద్దోళ్ళు ఊరికే అనలా. ఒకణ్ణి మట్టిలో పెట్టా నేను. ఇంకొకణ్ణి పెట్టే ఓపిక లేదు నాకు. అలిసిపోయా."

అలిసిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ ముప్పై అయిదేళ్ళ నడకలో సగం నాది. ఆమె మీద నాకు ఒక్కసారిగా జాలి ముంచుకొచ్చింది.

నెహెమ్యా కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తరవాత నా వైపు చూస్తూ అన్నాడు. "ఒక తప్పు ఒప్పుకోవాలి. పదకొండేళ్ళుగా దీనికి ఏడు ఊచలే బాగుచేస్తన్నా. ఒకటి కావాలనే వదిలేస్తన్నా, మళ్ళా వస్తావని."

హుల్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది.

"ఏటేటా దాన్ని తలుపు సందులో పెట్టి వంచింది ఎవరనుకున్నావయ్యా?"

ఓసి మీ ఇల్లు బంగారంగానూ! ఒకరికి మతిమరుపనీ, ఇంకొకరికి చూపు లేదనీ పదకొండేళ్ళు నేను జాలిపడితే, ఇద్దరూ కలిసి నా ఎముకలు విరిచి సంసారం వెతుక్కున్నారా? నేల మీద పడి ఉండబట్టి గానీ, లేచి ఇద్దరికీ చెరొకటి తగిలించేదాన్ని. కోపం వచ్చింది. కోపం పోయింది కూడా, ఎందుకంటే ఆమె అలా నవ్వడం నేను ఓబద్యా ఉన్నప్పుడు విన్నాను, మళ్ళీ ఆ రోజే విన్నాను.

పొద్దు గూకింది. ఇద్దరూ వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూశారు. మబ్బు పట్టి ఉంది.

"ఒకటి. అదుగో రెండు" అంది హుల్దమ్మ. "మూడోది కనపడ్డాక చెప్తా నా మాట. అందాకా అడగొద్దు."

చాలాసేపు నిలబడ్డారు.

"అదుగో మూడోది, కొబ్బరి మట్ట పక్కన" అన్నాడు నెహెమ్యా.

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూసింది. జీవితంలో ఒక్క శనివారమైనా తన కళ్ళతో మూడు చుక్కలు లెక్కపెట్టకుండా దీపం ముట్టని మనిషి.

"నాకు ఆనట్లా" అంది. ఆయన వైపు తిరిగి, "నువ్వు చూశావుగా, చాల్లే" అంది.

లోపలికొచ్చి నన్ను ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. "చీల కొట్టుకురా. తిర్సాకు ఫోన్ చెయ్యి. ఆదివారం వస్తే రెండు రోజులు ఉండాల్సొస్తదని చెప్పు."

మంగళవారం పెళ్ళయింది. ఊళ్ళో మిగతావాళ్ళు మంగళవారం పెళ్ళి అంటే చెవులు మూసుకుంటారు, మావాళ్ళకు అది రెండింతలు మంచిరోజు, సృష్టి చేసేటప్పుడు దేవుడు ఆ రోజున రెండుసార్లు 'మంచిది' అన్నాడట. కాలువ గట్టున నాలుగు కర్రలకు నెహెమ్యా ప్రార్థన శాలువా కట్టి పందిరిలా పట్టుకున్నారు. ఎనిమిది ఊచలూ సరిచేసి, చీల కొట్టించుకుని నేను సిప్పోరా చంకలో ఉన్నాను. ఇద్దరూ శాలువా కింద నిలబడగానే తొలకరి దిగింది. శాలువా చిల్లుల కుండలా కారసాగింది. సిప్పోరా నన్ను విప్పబోయింది.

"వద్దమ్మాయ్" అంది హుల్దమ్మ, ముఖం మీద నీళ్ళు తుడుచుకుంటూ. "మేం తడుస్తాంలే. దాన్ని ఈ ఒక్కరోజు ఊరుకోనీ."

ముప్పై అయిదేళ్ళలో శనివారం కాని రోజున నాకు దొరికిన మొదటి సెలవు అది.