బాడిగ వద్దన్న మనిషి

ఆ పొద్దు తెల్లవారినా ఆకాశం తెల్లబడలేదు. బూదికోట కొండ మీద మబ్బు తడిగుడ్డ ఆరేసినట్టు వేలాడుతూ, కురవకుండా, కదలకుండా ఉంది. చేలో రాగి ఉన్నవాడికి అది మంచి మబ్బే. పట్టుపురుగు మాగిన ఇంటికి మాత్రం చెడ్డది. గాలిలో తేమ ఉంటే గూడు గట్టిపడదు. గూడు మెత్తబడితే మార్కెట్లో అడిగేవాడుండడు. ఆంజినప్ప వాకిట నిలబడి ఆ మబ్బును చాలాసేపు చూసి, లోపలికొచ్చి ఉతికిన పంచె కట్టుకున్నాడు.

పురుగు మాగిన రోజు ఇంటి మనిషి ఊరు దాటడు. మేత మాని, ఒళ్ళంతా పండిన ద్రాక్షలా మెరిసే పురుగును కనిపెట్టి ఏరి, గూడు కట్టుకోవడానికి వెదురు చంద్రికల మీద వదలాలి. ఆలస్యమైతే అవి ఆకుల్లోనే కట్టేసుకుంటాయి. అయినా ఆంజినప్ప బయలుదేరాడు. ఆసుపత్రి మేనేజరు ఆ రోజే రమ్మన్నాడు, ఇంకో రోజు దొరకనన్నాడు. ఇంట్లో పనికి పక్కింటి ఆవులప్ప, అతడి భార్య రత్న వచ్చారు. రెండిళ్ళకూ ఎన్నో ఏళ్ళుగా ముయ్యి. వీళ్ళ పురుగు మాగితే వాళ్ళొస్తారు, వాళ్ళది మాగితే వీళ్ళు పోతారు. కూలి మాట ఉండదు.

ఆవులప్పది మాత్రం లేచినప్పటి నుంచీ ఒకటే నస. పోయినదాన్ని తవ్వితే గోళ్ళకు మట్టే అంటుకుంటుందన్నాడు. పెద్ద ఆసుపత్రివాళ్ళతో మనకెందుకన్నాడు. ఆంజినప్ప భార్య సొన్నమ్మ చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వేంటికి బెదురుతావు ఆవులప్పా, బిల్లు మాది గదా" అంది. అతడు నవ్వాడు. ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆంజినప్ప అది చూశాడు. చూసినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

గొడవ మొదలైంది అంతకు వారం ముందు. పురుగులు ఆఖరిసారి పొర విడిచి మేత మీద పడ్డాయి. రాత్రీ పగలూ ఆకు వేస్తూనే ఉండాలి. చీకటితోనే మల్బరీ కొమ్మలు కోస్తూ సొన్నమ్మ ఎడమచేతి మీదికి కొడవలి తెచ్చుకుంది. అరచెయ్యి ఎముక కనబడేంత తెగింది. ఆవులప్ప తన టెంపో తీశాడు. సర్కారు ఆసుపత్రికి పోదామని ఆంజినప్ప అన్నాడు.

"యాడికి పోతావన్నా? ఆడ లైన్లో నిలబడితే నీ పురుగులకు ఆకెవురు ఏస్తారు? రాబర్ట్‌సన్‌పేటలో నాకు తెలిసిన ఆస్పత్రి ఉండాది. గడియలో కుట్లేసి పంపిస్తారు."

పురుగుల మాట ఎత్తేసరికి ఆంజినప్ప భార్యతో టెంపో ఎక్కాడు. దిగాక బాడిగ ఇవ్వబోతే ఆవులప్ప అతడి చేతిని వెనక్కి తోసి, "మనలో మనకు బాడిగేందన్నా" అన్నాడు. టమాటా బుట్టకొక లెక్క, పాల క్యానుకొక లెక్క చెప్పే మనిషి ఆ మాట అంటే ఆంజినప్ప రెండు చేతులూ జోడించాడు.

లోపల ఎమర్జెన్సీలో సొన్నమ్మ చేతికి చుట్టిన టవలు చుట్టినట్టే ఉంది. ముందు డబ్బు కట్టమన్నారు. గ్లూకోజు పెట్టారు. గుండెకు పరీక్ష చేశారు. పడి ఉంటుందేమో అని తలకు స్కాన్ తీశారు. పడలేదు నాయనా అని ఆమె చెబుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఒక డాక్టరు చెవికి ఫోను ఆనించుకునే వచ్చి, కన్నెత్తి చూసి, నర్సుకు కుట్లు వేయమని చెప్పి పోయాడు. మూడు వేళ్ళు కదలడం లేదని సొన్నమ్మ అంటే, వాపు తీస్తే కదులుతాయన్నారు. ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడల్లా ఆంజినప్ప సంతకం చేశాడు. అతడి మనసంతా ఇంట్లో ఆకులేని తట్టల్లో ఉంది. రాత్రి ఉంచుకుని, మరునాడు ఒక పంట గూళ్ళంత బిల్లు వేశారు. ఆంజినప్ప గూళ్ళ వ్యాపారి దగ్గర రాబోయే పంట మీద తెచ్చి కట్టాడు.

వాపు తీసింది గానీ వేళ్ళు కదలలేదు. కోలారులో సర్కారు డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, లోపల నరం తెగిందనీ, దాన్ని వదిలేసి పైన చర్మం కుట్టి పంపారనీ చెప్పింది. మొదటి రోజే చూసి ఉంటే కలిపేవాళ్ళు. ఇప్పుడు బెంగళూరులో ఆపరేషన్ చేయించుకున్నా పిడికిలి ముందటిలా బిగుస్తుందని చెప్పలేనంది. అదే చీటీ మీద రాసిచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచీ సొన్నమ్మ ఆవు దగ్గరికి పోవడం మానేసింది. రెండు చేతులు లేందే అది చేపదు.

రాబర్ట్‌సన్‌పేటలో బస్సు దిగి ఇద్దరూ ఆసుపత్రికి నడిచారు. కౌంటరులో ఉన్న అమ్మాయి చాలాసేపు కూర్చోబెట్టి, తర్వాత మేనేజరు పద్మనాభ గదిలోకి పంపింది. ఆయన మొదట కన్నడంలో మాట్లాడి, ఊరి పేరు విన్నాక తెలుగులోకి దిగాడు. స్కాన్ తీయడం మా రూలు అన్నాడు. సంతకం నీదే కదా అన్నాడు. ఆంజినప్ప భార్య చేతిని పట్టుకుని మేజా మీద పెట్టాడు.

"సార్, తల చూసినారు, గుండె చూసినారు. తెగింది చెయ్యి. దాన్ని చూసినోళ్ళు ఎవురో ఒక్క మనిషిని పిలిపించండి."

పద్మనాభ ఆ చేతిని చూడకుండా కిటికీ వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, కొంత తిరిగి ఇప్పిస్తాననీ, మాకు ఏ ఫిర్యాదూ లేదని ఈ కాగితం మీద ఒక సంతకం చేయమనీ అన్నాడు.

"ఆ పొద్దు చూడకుండా చేసినాను సార్. ఈ పొద్దు చూసి చెయ్యను. చీటీ, బిల్లు రెండూ ఎత్తుకుని కోలారులో ఆఫీసర్ల దగ్గరికే పోతాను."

మేనేజరుకు ఒళ్ళు మండింది. "పో. యాడికన్నా పో. అంతకన్నా మేము యాడనుంచి తెచ్చిచ్చేది? నిన్ను తోలుకొచ్చినోడి వంతు పోంగా మిగిలిందే మాది. అది కావాలంటే పోయి మీ ఆవులప్పను అడుక్కో."

"యా ఆవులప్ప?" అంది సొన్నమ్మ, తెలిసీ.

"టెంపో ఆవులప్ప. ఇంగ మీ ఊర్లో ఎంతమంది ఉండారమ్మా?"

ఆంజినప్ప కట్టు సరిచేసి, భార్యను లేపి బయటికి నడిపించాడు. మెట్ల దగ్గర బిల్లును మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది మొదట చూసినప్పుడు కూడా అతడికి ఇంత దెబ్బ తగల్లేదు. పరాయివాడు మోసం చేస్తే అది మోసమే. ఇతడు మాత్రం పురుగుల మీద తన భయమెంతో తెలిసి, దానికే తాడు కట్టి లాక్కుపోయాడు.

బస్సు బంగారు గనుల సైనైడ్ దిబ్బలు దాటింది. ఆ తర్వాత సొన్నమ్మ, "వానికి నా చెయ్యి ఏం బాడిగ తెచ్చిందో" అంది.

ఇంటికొచ్చేసరికి పని అయిపోయింది. ఏరాల్సిన పురుగు ఒక్కటి కూడా తట్టల్లో మిగల్లేదు. మబ్బు చూసి ఆవులప్ప లోపల రెండు మూలలా బొగ్గుల కుంపట్లు కూడా పెట్టాడు, తేమ లాగడానికి. చంద్రికల మీద పురుగులు అప్పుడే తలలూపుతూ దారం తీస్తున్నాయి. పని చెడగొట్టి ఉంటే ఆంజినప్ప కోపానికి ఒక దారి దొరికేది. ఆ దారి కూడా లేకుండా చేశాడు.

"ఏమన్నాడన్నా మేనేజరు?" ఆవులప్ప చేతులు దులుపుకుంటూ అడిగాడు.

"ఆ పొద్దు బాడిగ ఏంటికి వద్దన్నావు?"

ఆవులప్ప చేతులు ఆగిపోయాయి. రత్న మొగుడి మొహంలోకి చూసింది. ఆమెకూ ఈ సంగతి తెలియదని ఆ చూపే చెప్పింది.

"అందురూ వంతు తీసుకుంటారన్నా," అన్నాడు ఆవులప్ప. "నేను తోలుకొని పోకపోతే ఇంకొకడు తోలుకొని పోతాడు. చెయ్యి ఇట్లా అయితాదని నాకేం తెలుసు? టెంపో అప్పు కంతులు కట్టల్ల గదా."

"కంతులు కట్టుకో. వద్దన్లేదు." ఆంజినప్ప గొంతు పెరగలేదు. "మీ పురుగు మాగినాక వస్తాను. ఈ పొద్దు నువ్వు చేసిందానికి చేసి తీర్చుకుంటాను. ఆ మీదట నీ ఇల్లు నీది, నా ఇల్లు నాది."

"అన్నా..."

"పద. కాళ్ళు కడుక్కో. ముయ్యికి వచ్చినోళ్ళు తినకుండా పోకూడదు."

పొయ్యి దగ్గర సొన్నమ్మ సంగటి కెలకబోతే తెడ్డు ఒక చేతికి లొంగలేదు. రత్న ముందుకొచ్చింది. సొన్నమ్మ తల అడ్డంగా ఊపింది. ఆంజినప్ప వచ్చి తెడ్డు అందుకుని కెలికాడు. తడి చేసిన పళ్ళెంలో సొన్నమ్మ ఒంటిచేత్తోనే ముద్దలు దొర్లించింది. అవి గుండ్రంగా రాలేదు. మొదటిది, కొంచెం పెద్దది, ఆవులప్ప ముందు పెట్టి, ఉలవచారు పోసింది.

నలుగురూ కూర్చున్నారు. ఆవులప్ప ముద్ద తుంచి చారులో ముంచి, నోటిదాకా తెచ్చి, ఆగి, మింగాడు. రత్న తల ఎత్తలేదు. ఎవరూ ఇంకొంచెం అని అడగలేదు, ఎవరూ వేసుకోమని అనలేదు. పళ్ళాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.