పదిహేను నంబరు రేకు

నేను ఒక గేజీని. మోటారు షెడ్డుల్లో నన్ను ఫీలర్ గేజీ అంటారు. చూడడానికి జేబులో వేసుకునే మడత చాకులా ఉంటాను. కాకపోతే చాకుకి ఒక్కటే అలుగు, నాకు పదమూడు ఉక్కు రేకులు. ఒక్కో రేకుది ఒక్కో మందం. అన్నిటికన్నా పల్చనిది ఉల్లిపొర అనుకుంటే, అన్నిటికన్నా దళసరిది శుభలేఖ అట్ట. ప్రతి రేకు మీదా పిడి దగ్గర దాని మందం అంకెలో కొట్టి ఉంటుంది. మనిషి కంటికి ఆనని సందుల్లో దూరి ఇది ఇంత అని చెప్పడం నా ఉద్యోగం. నా మాటకి తిరుగు లేదని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

పుట్టింది ఇంగ్లండులో. ఏ ఊరో గుర్తులేదు. పొగ, చలి, పొడుగాటి బల్ల, దాని ముందు కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కరినీ కొలిచే ఒక ఆడమనిషి మాత్రం గుర్తు. ఆవిడ నా పదిహేను నంబరు రేకుని రెండుసార్లు కొలిచి, తలూపి, డబ్బాలో వేసింది. పదిహేను అంటే, అంగుళాన్ని వెయ్యి పాళ్ళు చేస్తే అందులో పదిహేను పాళ్ళు. నా బతుకంతా ఆ ఒక్క రేకు చుట్టూ తిరిగింది కనక ఆ అంకెని కాస్త గుర్తుంచుకోండి.

ఒక ఓడ ఇంజనీరు పెట్టెలో విశాఖపట్నం చేరాను. ఆయన తన దేశం వెళ్ళిపోతూ నన్ను పెదవాల్తేరులో షెడ్డు నడిపే లచ్చయ్య మేస్త్రికి ఇచ్చాడు. లచ్చయ్యకి కొడుకుల్లేరు. తన దగ్గర పని నేర్చిన అప్పలనరసయ్యకి కూతురు దేముడమ్మనిచ్చి పెళ్ళి చేసినప్పుడు, కొత్త బట్టలున్న పళ్ళెంలో నన్ను కూడా పెట్టి అందించాడు. "గేజీ జాగర్త, పిల్ల జాగర్త" అన్నాడు, ఆ వరసలోనే. పెళ్ళిపందిరంతా నవ్వింది. నరసయ్య మాత్రం నవ్వలేదు. నన్ను కళ్ళకద్దుకున్నాడు.

తెల్లవాళ్ళు వదిలేసి వెళ్ళిన రెండు సీట్ల స్పోర్ట్సు కార్లు అప్పటికి ఊళ్ళో ఓ పది పన్నెండు ఉండేవి. పొడుగాటి ముక్కు, మడిచే గుడ్డ టాపు, కూర్చుంటే నేల చేతికి తగిలేంత కిందకి సీటు. వానొస్తే తడుస్తారు, ఎండొస్తే మాడతారు. అయినా వాటి సొంతదార్లకి అవంటే ప్రాణం. సుఖం లేని వస్తువు మీద మనుషులకి ఇంత ప్రేమ ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆ కార్లన్నీ నరసయ్య చేతికే వచ్చేవి.

వాటి ఇంజిన్లలో వాల్వులని చిన్న తలుపులుంటాయి. పెట్రోలు గాలి లోపలికి రావడానికి ఒకటి, కాలిన పొగ బయటికి పోవడానికి ఒకటి. వాటిని తట్టి తెరిచే ఇనప వేలు పైన ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వేలికీ వాల్వుకీ మధ్య పదిహేను పాళ్ళ సందు ఉండాలి. వేడెక్కితే ఇనుము సాగుతుంది కనక ఆ ఖాళీ ముందే వదలాలి. సందు తక్కువైతే తలుపు పూర్తిగా మూసుకోదు. మూసుకోని అంచుల్లోంచి మంట దూరి వాల్వుని కొరికేస్తుంది.

నరసయ్య ఆ సందు పెట్టే పద్ధతి చూసి తీరాలి. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటే గానీ ఇంజిన్ మూత విప్పేవాడు కాదు. నా పదిహేను నంబరు రేకుని సందులో దూర్చి, కళ్ళు మూసుకుని లాగేవాడు. తడి తమలపాకుని రెండు వేళ్ళ మధ్య నుంచి లాగినట్టు రావాలి. వస్తే "అప్పన్నా" అని మర బిగించేవాడు.

పక్క షెడ్డు సుభానీది. వాల్వులూ, అవి కూర్చునే సీట్లూ అరగదీసి అతికినట్టు చేయడం ఆయన పని. ఆయన సీటు కోస్తే, నరసయ్య సందు పెడితే, ఇక ఆ ఇంజిన్ వైపు రెండేళ్ళు చూడక్కర్లేదని పేరు. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. దేముడమ్మకి ఆయన అన్నయ్య. దసరాకి మా షెడ్డుకి మామిడాకులు కట్టేది ఆయనే, పులిహోర మొదటి విస్తరి కూడా ఆయనదే.

ఆ దసరా గురించే చెప్పాలి. ఆయుధ పూజ ముందురోజు దేముడమ్మ పనిముట్లన్నీ వాకిట్లో పోసుకుని కూర్చునేది. వాల్తేరు సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. తుప్పుని గరుకు కాగితంతో గీకి, చింతపండు, ఇటుక పొడి వేసి పూజ గిన్నెల్ని తోమినట్టు తోమేది. స్పానర్లు తోమితే ఏమీ కాదు. నన్నూ అలాగే తోమేది. ఇంకొంచెం ఎక్కువే తోమేది, నాన్న వస్తువని. తళతళలాడే రేకులకి పసుపు రాసి, కుంకం పెట్టి దేవుడి ముందు విసనకర్రలా పరిచేది. అంత శ్రద్ధగా నన్ను ఇంగ్లండులో కూడా ఎవరూ చూడలేదు.

అలా ముప్పై దసరాలు గడిచాయి. నా పదిహేను నంబరు రేకు కొస పదిహేను కాకుండా పోయింది. ముందు పద్నాలుగయింది, తరవాత పదమూడు. పిడి దగ్గర ఇటుక పొడి తగలదు కనక అంకె మాత్రం చెక్కు చెదరలేదు. నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరేదీ?

చిత్రమేమిటంటే, రేకు పల్చబడి, దాంతో పెట్టే సందు తగ్గేకొద్దీ నరసయ్య పేరు పెరిగింది. సందు తక్కువైతే ఇంజిన్ చప్పుడు చెయ్యదు. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన వర్మగారు తన ఎర్ర కారు స్టార్టు చేసి, "ఆహా, కుట్టుమిషను కూడా ఇంతకన్నా గోల చేస్తుందయ్యా!" అని మురిసిపోయేవారు. సుభానీ ఒక్కడే చెవి ఒగ్గి విని మొహం చిట్లించేవాడు.

"బావా, ఈ జాతి ఇంజిన్ కూసింత టిక్కుటిక్కు అనాలి. మరీ నోరు మూసుకుంటే నాకు భయం."

"నీకు చప్పుడు లేకపోతే నిద్రట్టదు. మీ ఇంట్లో అలవాటు" అనేవాడు నరసయ్య. సుభానీ పగలబడి నవ్వేవాడు.

ఆ ఏడు పాత కార్ల ఊరేగింపు బీచి రోడ్డు మీంచి భీమిలి దాకా పెట్టారు. ఋషికొండ ఎత్తు దగ్గర వర్మగారి కారు దగ్గింది, చతికిలబడింది. ఎర్ర కారుని తోసుకుంటూ తెచ్చారు. మర్నాడు ఇంజిన్ తల విప్పితే మూడో సిలిండరు వాల్వు అంచు ఎలక కొరికిన అప్పడంలా ఉంది.

వర్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. "పెద్ద పెద్ద వాళ్ళందరి ముందూ తోయించుకుంటూ వచ్చానయ్యా. ఎవరి పని ఇది?"

నరసయ్య చేతిలో నేనున్నాను. ఆ వేళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. "సీటు సరిగా కుదరలేదండి" అన్నాడు.

సుభానీ తెల్లబోయాడు. "ఏటి బావా, నా సీటా? నువ్వే కదా పెట్రోలు పోసి చూసావు, చుక్క కారలేదు."

"అప్పుడు కారలేదు. ఇప్పుడు కాలింది."

"ఇది సందు చాలక కాలిన కాలుడు. అంచు చూడు, నీకు తెలీదా? ఆ పదిహేను రేకు ఇలాగియ్యి, కొలిచేద్దాం. నిమిషం పని." సుభానీ జేబులోంచి మైక్రోమీటరు తీశాడు. అది నాలాంటి వాళ్ళని కూడా కొలిచే బిగింపు పనిముట్టు.

"మా మావ ఇచ్చిన గేజీ అది."

"మావ ఇస్తే మాత్రం ఇనుము అరగదా?"

"మా దేవుడి ముందు పెట్టి పూజ చేసిన వస్తువు. నువ్వు కొలిచేదేటి?"

టీ గ్లాసులతో వస్తున్న దేముడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆ షెడ్డులో 'మా దేవుడు' అన్న మాట ఎవరూ అనలేదు. అందరికీ దేవుడే. సుభానీ మైక్రోమీటరుని మెల్లిగా జేబులో పెట్టుకున్నాడు. టీ కూడా తాగలేదు.

నన్ను ఆ బిగింపులో పెట్టి ఉంటే నిజంగా నిమిషంలో తేలిపోయేది. పూజ చేసిన చేతికి కొలిచి చూడడం తప్పెలా అయింది? తన ముందు పెట్టిన వస్తువుని కొలిస్తే దేవుడికి కోపం వస్తుందా? వస్తుందని ఆయన ఎప్పుడైనా అన్నాడా? నాకు తెలీకే అడుగుతున్నాను.

సీటు కుదరలేదన్న మాటని వర్మగారు పాత కార్లవాళ్ళందరికీ చేరవేశారు. సుభానీకి సీట్ల పని రావడం మానేసింది. నరసయ్య ఎవరికీ చెడ్డగా చెప్పలేదు, ఆ మాట నిజమే. ఎవరైనా అడిగితే ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడమే చాలింది. అయిదు నెలలకి సుభానీ షెడ్డు మూసేశాడు. మధురవాడలో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. వెళ్ళేముందు నరసయ్య లేని వేళ చూసుకుని వచ్చి, మైక్రోమీటరుని దేముడమ్మ చేతిలో పెట్టాడు. "బావకియ్యి చెల్లెమ్మా. నాకింక కొలిచే పనేటుంది?"

అది షెడ్డులో అలమర మీద నాకెదురుగా దుమ్ము పట్టి పడి ఉండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

ఎర్ర కారుకి కొత్త సీట్లు ఆటోనగర్‌లో కంప్యూటరు మిషను మీద కోయించారు. సందు నరసయ్యే పెట్టాడు, నాతోనే. చప్పుడు లేదు. వర్మగారు మళ్ళీ మురిశారు. ఎనిమిది నెలలకి వాల్వు మళ్ళీ కాలింది. అదే కొరుకుడు.

ఆ మధ్యాహ్నం నరసయ్య షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు. మైక్రోమీటరు దుమ్ము తుడిచాడు. నా పదిహేను నంబరు రేకు కొసని దాని దవడల మధ్య పెట్టి తిప్పాడు. పన్నెండు. నన్ను తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టాడు. పన్నెండు. మూడోసారీ పెట్టాడు. అంకె మారలేదు. తరవాత నన్ను చొక్కా జేబులో వేసుకుని, "సుభానీని చూసొస్తానే" అని దేముడమ్మతో చెప్పి బయల్దేరాడు. ఆవిడ మొహం ఎంత విప్పారిందో!

సుభానీ అపార్టుమెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. బావని చూసి లేచి, ఆ కుర్చీ బావకే వేసి తను నిలబడ్డాడు. టీ తెప్పించాడు. ఇంటి సంగతులయ్యాయి. అప్పుడడిగాడు.

"వర్మగారి బండెలాగుంది?"

"మళ్ళీ కాలింది."

"మళ్ళీనా? సీటెవరు కోసారు?"

"ఆటోనగర్‌లో. కంప్యూటరు మిషను."

సుభానీ కళ్ళు ఒక్కసారి మెరిశాయి. ఎదురుచూశాడు. నరసయ్య చెయ్యి జేబులోకొచ్చి నన్ను పట్టుకుంది. చెమటతో తడిగా ఉంది. ఒక్క జానెడు పైకి ఎత్తితే నేను బయటపడతాను. ఎత్తు, ఎత్తు అనుకున్నాను.

"పెట్రోలు కల్తీ అంటున్నారు" అన్నాడు నరసయ్య.

"ఔనా."

సుభానీ మళ్ళీ అడిగాడు, చాలా మెల్లిగా. "రేకు కొలిచావా బావా?"

"లేదు."

ఈలోగా ఏదో కారు హారను కొట్టింది. సుభానీ పరుగున వెళ్ళి గేటు తీసి సలాం పెట్టాడు. కారు వెళ్ళాక తిరిగొచ్చి, "దీని బెల్టు రేపోమాపో తెగుతుంది, వినబడిందా?" అన్నాడు. నరసయ్య తలూపాడు. లేచి వచ్చేశాడు.

"ఏటన్నాడు అన్నయ్య?" అంది దేముడమ్మ.

"బాగున్నాడు" అన్నాడు.

ఆ సాయంత్రమే కొత్త గేజీ కొన్నాడు. నన్ను పారెయ్యలేదు. దేవుడి గూట్లో అప్పన్న పటం పక్కన పెట్టాడు. "మీ నాన్న గేజీ. ఇంక పనిలో వద్దు, స్వామి దగ్గరుండనీ" అన్నాడు. దేముడమ్మ కళ్ళు చెమర్చాయి. నాకు రోజూ పువ్వు పెడుతుంది. అటు వర్మగారు మాత్రం, "ఏమయ్యా నరసయ్యా, ఇంజిన్ టిక్కుటిక్కుమంటోంది, నీ చెయ్యి మారిందేమిటి?" అని సణుగుతున్నారట. ఆ వాల్వు మళ్ళీ కాలలేదు.

మొన్న దసరాకి దేముడమ్మ నన్ను గూట్లోంచి తీసి ఇటుక పొడి అందుకుంది.

"దాన్ని తోమకే" అన్నాడు నరసయ్య.

"ఎందుకండీ? దేవుడి దగ్గరి వస్తువు మసిగా ఉంచుతామా?"

ఎందుకో చెప్పాలంటే అంతా చెప్పాలి. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ పాట పాడుకుంటూ తోమింది.

నా పక్కనున్న అప్పన్నస్వామిని ఏడాది పొడుగునా చందనంతో కప్పి ఉంచుతారు. ఆయనకైనా ఒక్కరోజు చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. నేను ఈపాటికి పదకొండుకి దిగి ఉంటాను. పిడి దగ్గర, కుంకం బొట్టు కింద, పదిహేను అనే రాసి ఉంది.