రక్తం కక్కితే మెట్టెక్కినట్టే

మా తమ్ముడు రాయి కోస్తాడు. వంటింటి గట్లకు వేసే నల్లరాతి పలకలను యంత్రం కింద పెట్టి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, పొద్దస్తమానం ఆ దుమ్ములో నిలబడతాడు. ఇంటికొచ్చి తల దులిపితే తెల్లగా పొడి రాలుతుంది. పెళ్లయిన కొత్తలో మా మరదలు ఆ తల చూసి, "పెళ్లినాడు నల్లగానే ఉందే! రంగేసి అంటగట్టారా వదినా?" అని నన్నే అడిగింది. ఆ పిల్ల నోరు అలాంటిది.

ఆ నోటికి తగ్గ పిచ్చే పట్టుకుంది దానికి. ఫోన్‌లో చైనా నవలలు, రోజుకో భాగం. ఒక నవలలో గురువు కొండ మీద సాధన చేస్తూ మెట్టు మెట్టుగా చావులేని స్థితికి ఎక్కుతుంటాడు. నవ్వితే ముత్యాలు రాలతాయనుకునే రకం. వంటపనికి చేరిన శిష్యురాలు ఆయన్ని ప్రేమించి, ఆయన ధ్యానంలో కూర్చుంటే పక్కన చేరి ఉల్లిపాయలు తరుగుతుంది. మెట్టెక్కినప్పుడల్లా గురువు రక్తం కక్కుతాడు. "గిన్నెలో, గిన్నెలో! ఇప్పుడే నేల తుడిచాను" అని ఆ పిల్ల అరుస్తుంది. కక్కేశాక ఆయన ముఖం వెలిగిపోతుంది, ఆయుష్షు ఇంకో వందేళ్లు పెరుగుతుంది.

మరదలు పైకి చదివేది, తమ్ముడు వినేవాడు. మా గదుల మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. ఇవతల నేను దిండు గలీబులు కుట్టుకుంటూ, "పనీపాటా లేని కథలు" అని సణుగుతూనే మిషను ఆపి వినేదాన్ని. అబద్ధమెందుకు, నవ్వు ఆగేది కాదు. అంతకుముందు తమ్ముడు పని నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాడి చేత నోరు విప్పించింది, పెళ్లాన్ని కళ్లెత్తి చూసేలా చేసింది ఆ నవలే. ఆ మేలు కాదనలేను. అయినా ఇప్పుడు ఆ పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక సాయంత్రం తమ్ముడు దగ్గుతూ తొట్టి మీదికి వంగాడు. ఎర్రగా పడింది. మరదలు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వాడు మూతి తుడుచుకుని, నడుం మీద చెయ్యేసుకుని, "శిష్యురాలా, గిన్నె ఏదీ? మీ గురువు మెట్టెక్కాడు" అన్నాడు.

అది కాసేపు వాడి ముఖంలోకి చూసింది. తర్వాత పగలబడి నవ్వి గిన్నె తెచ్చింది.

అప్పటినుంచి దగ్గొస్తే ఆటే. "ఇదెన్నో మెట్టు గురువుగారూ?" అని ఇది అడిగేది, ఏదో ఓ లెక్క చెప్పేవాడు వాడు. నేను ఊరుకోలేక, "ఒరేయ్, ఇవేం సరసాలురా? డాక్టరు దగ్గరికి పద" అని కేకలేశాను.

"చిగుళ్లలోంచి అక్కా. నువ్వు లేనిపోనివి చెప్పి దాన్ని భయపెట్టకు."

నవ్వుతున్న మనిషికి జబ్బేమిటని అది నమ్మేసింది.

చివరికి వాడు యంత్రం పక్కనే కూలబడితే తోటివాళ్లు ఆసుపత్రికి మోసుకెళ్లారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటో చూపించింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయిందట. దాన్ని తీసే మందు లేదట. ముందే వచ్చుంటే కనీసం ఆ పని మాన్పించేవాళ్లమంది.

"రక్తం ఎప్పటినుంచి పడుతోంది?"

"మూడో మెట్టు..." అని మరదలు నాలుక కరుచుకుంది. డాక్టరమ్మ అర్థం కాక నావైపు చూసింది. ఎండలు ముదిరినప్పటినుంచని నేను చెప్పాను.

మంచం దగ్గరికి వెళ్లగానే మరదలు అడిగింది. "చిగుళ్లది కాదని మీకు ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"మరెందుకు దాచారు?"

"రక్తం చూసి నీ ముఖం ఎలా అయిపోయిందో నీకు తెలీదు. మెట్టెక్కానంటే నవ్వావు. నాకు ఆ నవ్వే బాగుంది" అన్నాడు. దిండు సర్దుకుని, "ఆ తర్వాతి భాగం వచ్చిందా? చదువు" అన్నాడు.

అది ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది. సగంలో వాడికి దగ్గు ముంచుకొచ్చింది. గిన్నె పట్టుకుని, వాడి కోసం నవ్వబోయింది. పళ్లు కనిపించాయి కానీ నవ్వు రాలేదు.

"నవ్వకే తల్లీ, చాలు" అని గిన్నె లాక్కున్నాను. "ఏడువు. వాడి ముందే ఏడువు."

అది మంచం పట్టీకి తల ఆనించి ఒక్కసారిగా బావురుమంది. తమ్ముడు దాని తల మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాడు. ఇన్నాళ్లూ వేళాకోళమాడినవాడు బిక్కచచ్చిపోయి నావైపు తిరిగాడు.

"అక్కా," అన్నాడు, "నేను చచ్చిపోతానా?"