పదిహేడో నంబరు ఇంట్లో పన్నెండడుగులు

బోర్డు బాబాయ్ ఇంట్లో తిన్నగా నడిచినవాడు లేడు. గుమ్మం దాటగానే ఎడమ భుజం ముందుకు పెట్టి, పొట్ట లోపలికి పీల్చి, రంగు డబ్బాల వరసకీ రెక్కల్లేని ఫ్యాన్ల గుట్టకీ మధ్య నుంచి పక్కవాటుగా జారితే గానీ వంటగది రాదు. చుట్టాలు ఒకసారి వచ్చేవాళ్ళు. రెండోసారి ఫోన్ చేసి క్షేమసమాచారాలు కనుక్కుని సరిపెట్టుకునేవాళ్ళు.

ఆయన నలభై ఏళ్ళుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడు. తన అక్షరం మీద ఆయనకు చెప్పలేనంత గర్వం. ఎండకు వెలిసిపోదు, వానకు కరగదు, గోకినా రాదు. ఆ గర్వంలో తప్పేమీ లేదు కూడా. ఆయన బోర్డుల కింద దుకాణాలు మూతపడ్డాయి, యజమానులు మారారు, గోడలు బీటలు వారాయి. అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టే ఉన్నాయి.

మనిషి మంచివాడే కానీ రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఏ వస్తువూ పారెయ్యడు, ఎవరికీ ఇవ్వడు. రెండు, సాయంత్రం పని ముగిశాక కుంచెలో మిగిలిన రంగును కడిగెయ్యడానికి ప్రాణం ఒప్పదు. ఇంటికొచ్చి, చేతికందిన వస్తువు మీద ఆ రంగుతో "బోర్డు బాబాయిది, 17, పై వాటా" అని రాసేస్తాడు. తెల్ల అక్షరాలు, ఎర్ర నీడ. అడుగు ఊడిన బక్కెట్టుకీ అదే, మూడు కాళ్ళ స్టూలుకీ అదే, రేకు డబ్బా మూతకీ అదే.

"కాస్త కదలకుండా నిద్రపోతే నా వీపు మీద కూడా రాసేస్తారు, అందుకే అటూ ఇటూ దొర్లుతుంటాను" అని భార్య ఇరుగుపొరుగు వాళ్ళతో అనేది.

ఆమెను వీధంతా పోస్టమ్మ అంటుంది. ముప్పయ్యేళ్ళు సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ ఉత్తరాలు పంచింది. ఆమె ఎక్కని మెట్టు లేదు, తట్టని తలుపు లేదు. రిటైరైన రెండో ఏడు కుడి మోకాలు మొరాయించింది. ఆపరేషన్ చేసి కొత్త మోకాలు వేశారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీని అడ్డంగా తిప్పి, ముందుగదిలో మూలనున్న మంచం దాకా ఎలాగో చేర్చారు. మర్నాడు ఆసుపత్రి నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి వాకరు పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. వాకరు లోపలికి పట్టలేదు. చివరికి దాన్ని మడిచి నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"పిన్నీ, ఇక మీరు నడవాలి. ఆగకుండా, తిరక్కుండా, తిన్నగా పన్నెండు అడుగులు. మళ్ళీ వెనక్కి పన్నెండు. రోజుకి పదిసార్లు."

"ఎక్కడ?" అంది పోస్టమ్మ.

అమ్మాయి మంచం దగ్గర నిలబడి అడుగులేసి చూసింది. మూడో అడుగు రంగు డబ్బాలో పడింది.

"వీధిలో నడిపిద్దాంలే అమ్మా. విశాలంగా ఉంటుంది" అన్నాడు బాబాయ్.

"మధ్యలో పద్దెనిమిది మెట్లున్నాయి బాబాయ్. నడక రాకుండా మెట్లెలా దిగుతుంది?"

వెళ్ళేముందు ఆ అమ్మాయి బాబాయిని వంటగదిలోకి పిలిచి గొంతు తగ్గించింది. "మూడు వారాలు. ఆ లోపల కాలు వంగి కదలకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. తర్వాత నేనొచ్చినా లాభం లేదు, డాక్టరుగారొచ్చినా లాభం లేదు. పిన్ని ఇక ఆ మంచానికీ బాత్రూముకీ మధ్యే ఉండిపోతుంది. మీ ఇష్టం."

బాబాయ్ ఆ పూటే తెగించి అడుగు ఊడిన బక్కెట్టు, రెండు ఫ్యాన్లు, చిరిగిన గొడుగులు నాలుగు మోసుకెళ్ళి వీధి చివర చెత్తకుండీ పక్కన పెట్టి వచ్చాడు. వచ్చి చేతులు కడుక్కుంటుంటే తలుపు చప్పుడైంది. వీధి ఊడ్చే ఆవిడ, చంకలో బక్కెట్టు, నెత్తిన ఫ్యాన్లతో రొప్పుతూ నిలబడి ఉంది.

"బాబాయ్‌గారూ, ఎవరో దొంగసచ్చినోళ్ళు మీ సామానంతా ఎత్తుకెళ్ళి కుప్పలో పారేశారండీ. మీ పేరు చూశాను కాబట్టి సరిపోయింది. గొడుగులు కింద ఉన్నాయి, ఇప్పుడే తెస్తాను."

నేనే పారేశానని చెప్పడానికి బాబాయికి నోరు రాలేదు. ఆమె నిజాయితీని మెచ్చుకుని టీ ఇచ్చి పంపాడు. మర్నాడు బడి గోడ వెనక వదిలేసిన స్టూలును బడి వాచ్‌మన్ తెచ్చాడు. నదిలో వేసినా తన వస్తువులు ఈదుకుంటూ వచ్చేలా ఉన్నాయని బాబాయికి అర్థమైంది.

అయిదో రోజున పాత సామాన్ల వ్యాపారిని పిలిచి తోపుడుబండి నిండా ఊరికే ఎక్కించాడు. హమ్మయ్య అనుకుని కుర్చీలో వాలాడో లేదో, కింద గోల. కిటికీలోంచి చూద్దామంటే దానికి అడ్డంగా ఓ పెద్ద బోర్డుంది. మెట్లు దిగి చూస్తే, కింది వాటా టైలరు కొలతల టేపు మెడలో వేలాడుతుండగా బండి పట్టుకుని వ్యాపారిని నిలదీస్తున్నాడు. చుట్టూ వీధిలో సగం మంది.

"ఆయనే ఇచ్చాడు బాబూ!" అని వ్యాపారి మొత్తుకుంటున్నాడు.

"ఎవరు, బోర్డు బాబాయా? నలభై ఏళ్ళలో ఒక్క మేకు కూడా ఎవరికీ ఇవ్వని మనిషి బండెడు సామాను ఇచ్చాడా? చెవిలో పువ్వులు పెట్టకు!"

"నేనే ఇచ్చానయ్యా, వదిలిపెట్టు" అన్నాడు బాబాయ్.

జనం ఒక్క క్షణం ఆయన మొహం వంక చూశారు. తర్వాత టైలరు కళ్ళు చెమర్చాయి. "చూశారా, మన బాబాయిది ఎంత జాలిగుండో! దొంగని కూడా కాపాడాలని చూస్తున్నాడు."

ఇక ఎవరూ ఆయన మాట వినిపించుకోలేదు. అందరూ తలో చెయ్యీ వేసి సామానంతా పద్దెనిమిది మెట్లు పైకి చేరవేశారు. హడావుడిలో వ్యాపారి సొంత త్రాసు కూడా వచ్చేసింది. ఆ సాయంత్రం బాబాయ్ అలవాటు కొద్దీ దాని మీద పేరు రాయబోయి, భార్య చూసిన చూపుకి కుంచె దించేశాడు.

పేర్లు చెరిపేద్దామనుకున్నాడు. కిరసనాయిలు పోసి రుద్దాడు, చాకుతో గీకాడు, ఉప్పుకాగితం పట్టాడు. ఒక పూటంతా కష్టపడితే ఒక్క స్టూలు మీద "బోర్డు" పోయింది, "బాబాయిది" నవ్వుతూ కూర్చుంది. ఎప్పటికీ చెరగదని ఊరంతా చాటుకున్న రంగును ఆయన జీవితంలో మొదటిసారి తిట్టుకున్నాడు.

ఇలా పది రోజులు గడిచాయి. పోస్టమ్మ వాకరు పట్టుకుని రెండడుగులు వేస్తుంది, తిరుగుతుంది, తిరిగేటప్పుడు కాలు మెలిపడి అమ్మా అంటుంది, కూర్చుంటుంది. పదో రోజు మధ్యాహ్నం మళ్ళీ లేవలేదు.

"ముప్పయ్యేళ్ళు ఎండనకా వాననకా నడిచానండీ" అంది, మోకాలి వంకే చూస్తూ. "ఇప్పుడు ఇంట్లో బాత్రూముకి ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాకు భయంగా ఉంది."

ఆమె నోటి వెంట అలాంటి మాట బాబాయ్ ఎన్నడూ వినలేదు. వరదలో కూడా ఉత్తరాలు పంచిన మనిషి. ఆయన గీకుతున్న చాకు కింద పెట్టేశాడు.

"ఏం చెయ్యమంటావే? పేరు చెరగట్లేదు. పేరున్నంతకాలం ఈ మనుషులు వదిలేట్టు లేరు."

పోస్టమ్మ తలెత్తి స్టూలు మీది అక్షరాల వంక చూసింది. ఆ మొహంలోకి పాత ఉద్యోగపు కళ వచ్చింది. "పేరు చెరపడం ఎందుకండీ? మనిషి ఇల్లు మారితే ఉత్తరాన్ని మేం చింపేసేవాళ్ళమా? పాత అడ్రసు మీద ఒక గీత కొట్టి, కింద కొత్తది రాసేవాళ్ళం. అది దాని దారిన చేరేది."

"కొత్తదంటే ఎవరిది?"

"అది నన్నడగండి. కుంచె తెచ్చుకోండి."

మంచం మీద కూర్చునే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో నంబరు పెద్దాయన బల్బు మార్చాలంటే పీట మీద పీట వేసి ఎక్కుతాడు, నిచ్చెన ఆయనకి. నలభై రెండులో కొత్త జంట పెట్టె మీద పళ్ళెం పెట్టుకుని తింటున్నారు, బల్ల వాళ్ళకి.

"ఆ నిచ్చెన గట్టిదే" అన్నాడు బాబాయ్ నసుగుతూ.

"గట్టిది కాబట్టే. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మనకి ఇంకా మూడు నిచ్చెనలున్నాయి."

మొదటి గీత కొట్టడానికి ఆయనకు అరగంట పట్టింది. సొంత పేరు మీద కుంచె ఆనించి, తీసి, మళ్ళీ ఆనించి, కళ్ళు మూసుకుని లాగాడు. కింద కొత్త అడ్రసు రాసేటప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే కుదురుకుంది. నిచ్చెన తీసుకెళ్ళి మెట్ల దగ్గర ఆనించి వచ్చాడు. గంటలో వీధి ఊడ్చే ఆవిడ పైకి కేకేసింది.

"బాబాయ్‌గారూ, తొమ్మిదో నంబరాయన నిచ్చెన ఎవరో ఇక్కడ వదిలేశారండీ! నేనిచ్చేసి వస్తాను!"

ఆ రోజు నుంచి బాబాయ్ మెట్ల కింద పెట్టడమే పాపం. బడికెళ్ళే మాస్టారు, కూరగాయలకెళ్ళే ఆడవాళ్ళు, ఎవరి దారిలో ఉన్నది వాళ్ళు చదివి, మోసి, అందించి పోతున్నారు. ఇన్నాళ్ళూ ఆయన కొంప ముంచిన నిజాయితీ ఇప్పుడు కూలీ లేకుండా సామాను మోస్తోంది. విరిగినవీ చిరిగినవీ అన్నిటి మీదా "పాత సామాన్ల వ్యాపారిది" అని పెద్దక్షరాలతో రాశాడు, త్రాసుతో సహా. వ్యాపారి తోపుడుబండి మీద ఆ పేరు చూసుకుంటూ టైలరు ముందు నుంచి రెండుసార్లు ఎక్కువ తిరిగాడు. టైలరు అలిగాడు.

"వీధిలో అందరికీ వచ్చాయి. నేనేం పాపం చేశాను బాబాయ్?"

ఆయనకు నిలువుటద్దం వెళ్ళింది.

విచిత్రం ఏమిటంటే, ఒక్కొక్కటీ పోతున్న కొద్దీ బాబాయికి ఆకలి పెరిగింది. మధ్యాహ్నం కునుకు పట్టింది. పోగొట్టుకున్నాననుకున్న కళ్ళజోడు దొరికింది. నేల ఆకుపచ్చ రంగని ఆయనకే గుర్తులేదు. పోస్టమ్మ నడక నాలుగడుగులైంది, ఆరైంది, ఎనిమిదైంది. అక్కడ ఆగిపోయింది.

ఎనిమిదో అడుగు దగ్గర ఆ బోర్డుంది. మూడు గజాల పొడవు, కిటికీకి అడ్డంగా, చెక్క కాళ్ళ మీద గది మధ్యదాకా చొచ్చుకొచ్చి నిలబడ్డ బోర్డు. పాతికేళ్ళ కింద ఒక సినిమా హాలు కోసం రాశాడు. హాలు పునాదుల దగ్గరే ఆగిపోయింది, బోర్డు కోసం ఎవరూ రాలేదు. కిటికీకి ఊచలు బిగించకముందు తాళ్ళతో పైకి లాగించాడు. దాని మీద ఉన్నవి మూడే అక్షరాలు, హాలు పేరు. తన చేతి నుంచి వచ్చినవాటిలో అంత అందమైనవి లేవని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇరవయ్యో రోజున భార్యనడిగాడు. "దీని అడ్రసు చెప్పలేదేం?"

"అది పంచేది కాదులెండి. మీకు మీరు రాసుకున్నది" అంది పోస్టమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎనిమిదో అడుగు దగ్గర జాగ్రత్తగా తిరిగి, నొప్పికి పెదవి కొరుక్కుని, వెనక్కి నడిచింది.

బాబాయ్ ఆ కొరుక్కున్న పెదవినే చూశాడు. లేచి వెళ్ళి వడ్రంగి దగ్గర రంపం తెచ్చాడు. ఆ బోర్డు తలుపులోంచి పోదు, కిటికీలోంచి పోదు. కొయ్యాల్సిందే. వడ్రంగి వస్తానన్నా రానివ్వలేదు. నడి అక్షరం మీద రంపం పెట్టి లాగుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పొట్టు మీద కన్నీళ్ళు పడుతున్నా లాగుతూనే ఉన్నాడు. పోస్టమ్మ చూడనట్టు గోడవైపు తిరిగి పడుకుంది, కానీ ముక్కు ఎగబీల్చడం ఆయనకు వినిపించింది. ముక్కలు కిందికి చేరేసరికి కిటికీ బయటపడింది. గదిలోకి పాతికేళ్ళ తర్వాత ఎండ వచ్చింది.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఈసారి పక్కవాటుగా జారనక్కర్లేకుండా తిన్నగా లోపలికి నడిచొచ్చేసరికి ఆమెకే నవ్వొచ్చింది. పోస్టమ్మ వాకరు పట్టుకుని లేచింది. బాబాయ్ అవతలి గోడ దగ్గర, కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఒకటి" అంది అమ్మాయి. "రెండు. తల పైకెత్తండి పిన్నీ. మూడు."

భార్య వీధుల్లో నడవడం బాబాయ్ వేలసార్లు చూశాడు, నిచ్చెనల మీద నుంచి, పనిలో ఉండి, చెయ్యూపి. తన వైపుకి ఇలా నడిచి రావడం ఎప్పుడూ చూడలేదు. ఏడు. ఎనిమిది. నుదుటి మీద చెమట, కళ్ళలో పట్టుదల, పెదవి మీద పన్ను లేదు. తొమ్మిది. పది. పదకొండు.

పోస్టమ్మ ఆగిపోయింది.

"ఏమైందే? నొప్పా?" అన్నాడు కంగారుగా.

"నొప్పీ లేదు, పాడూ లేదు. పన్నెండో అడుగు మీద మీరున్నారు. జరగండి."

బాబాయ్ జరిగాడు. జరగడానికి చోటుంది.