ఒప్పిస్తున్నాం

శుక్రవారం సాయంత్రం ఐదులోగా హమానో చేయాల్సిన పనులు ఇవి. సిరా పలక తుడవాలి. రేవు వీధికి వెళ్లి పదహారేళ్ల కొరియా అమ్మాయి కో సునాను ఒప్పించాలి. ఆమె ఎడమచేతి చూపుడువేలిని సిరాలో దొర్లించి కార్డు మీద ముద్ర వేయించాలి. ఒప్పుకోకపోతే పోలీసులకు ఉత్తరం రాయాలి.

పలకను పొద్దుటి నుంచి మూడుసార్లు తుడిచాడు. చేతులు ఊరికే ఉండటం లేదు.

హమానో తండ్రి చేపల పడవలో కూలి. ఇంట్లో పైచదువు చదివి వార్డు ఆఫీసులో కుర్చీ సంపాదించింది హమానో ఒక్కడే. ఏడేళ్లలో ఒక్క కాగితం ఆలస్యం చేసి ఎరగడు. జపాన్‌లోనే పుట్టినా సరే, కొరియావాళ్ల పిల్లలు పదహారు నిండగానే వేలిముద్ర వేయాలన్నది ఆ రోజుల్లో చట్టం. ముద్ర అయ్యాక తుడుచుకోమని హమానో గుడ్డ ఇచ్చేవాడు. అది అందుకునేటప్పుడు ఎవరూ అతని మొహం చూసేవాళ్లు కాదు.

గుమ్మంలోనే సునా నాయనమ్మ క్యాబేజీకి కారం పట్టిస్తోంది.

"వచ్చావా నాయనా? ఇది నాలుగోవారం. మా అల్లుడు కూడా ఇన్నిసార్లు రాలేదు" అంది.

సునా నవ్వలేదు. "మా క్లాసులో నలభైమంది ఉన్నాం. ముద్ర అడిగింది నన్నొక్కదాన్నే. నేనేం దొంగతనం చేశాను సార్?"

"చట్టమమ్మా."

"మీ అమ్మాయి వేలు కూడా ఇలాగే పట్టుకుంటారా?"

"దానికి అక్కర్లేదు" అనేసి హమానో తల దించుకున్నాడు. "వేయకపోతే పోలీసులు వస్తారు" అన్నాడు.

"మీరు రాస్తేనే కదా!"

ముసలామె ఎర్రటి చెయ్యి పైకెత్తింది. "నా వేలు తీసుకోరాదూ? సిరా నేనే పూసుకున్నా!"

ఆఫీసుకొచ్చేసరికి ఐదుకు పది నిమిషాలు. రూల్సు పుస్తకం మళ్లీ తిరగేశాడు. లేచాడు, కూర్చున్నాడు. చివరికి వెళ్లొచ్చిన వివరాలు రాసే రిజిస్టరు తెరిచి, పోయిన మూడు వారాల వివరాల కింద "ఒప్పిస్తున్నాం" అని రాశాడు.

"ఉత్తరమేది?" అన్నాడు సెక్షన్ అధికారి కువబారా.

"ఇంకా ఒప్పిస్తున్నాం సార్."

"ఎన్నాళ్లు?"

"ఒప్పించడానికి ఇన్నాళ్లే అని రూల్సులో లేదు సార్. రెండుసార్లు చూశాను."

"నాకే చట్టం చెబుతున్నావా? ఉద్యోగం పోతే మీ నాన్నకేం చెప్పుకుంటావు?"

"పొద్దుటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను సార్."

ఐదు కొట్టింది. హమానో ఉత్తరం కాగితం ముట్టుకోలేదు.

ఆ తర్వాత మరో రెండు వారాలు అదే మాట రాశాడు. నెల తిరక్కుండా చెత్త లారీల విభాగానికి బదిలీ చేశారు. కొత్త గుమాస్తాకు రిజిస్టరు అప్పగించేటప్పుడు ఏదో చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. కొత్త మనిషి ఆ సాయంత్రమే ఉత్తరం రాసేస్తాడన్న భయంతో చాలా రాత్రులు నిద్రపోలేదు.

మూడు నెలలకు ఏదో పనిమీద వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న రిజిస్టరులోకి తొంగిచూశాడు. సునా పేరు కింద వారం తప్పకుండా, గుండ్రటి కొత్త చేతిరాతలో అదే మాట ఉంది: "ఒప్పిస్తున్నాం."

హమానో పేరు ఏ బోర్డు మీదా లేదు. ఎప్పుడైనా ఎవరైనా మీ వేలికి సిరా పూస్తుంటే, అతన్నొకసారి తలచుకోండి.